క్షేత్ర సిద్ధాంతపు లెక్కలు ఎక్కడ ఆపారో కూడా చెప్పాలి

సంపాదకులకు,

కణాలను క్షేత్రాల కంపనాలుగా చూసే క్వాంటం క్షేత్ర సిద్ధాంతాన్ని పరిచయం చేస్తూ పత్రికల విజ్ఞాన పుటల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఫైన్‌మన్ చిత్రాల దగ్గరే, అంటే లెక్కలోని ఒక్కో పదాన్ని గీతలతో చూపే బొమ్మల దగ్గరే, ఆగిపోతున్నాయి. ఎన్ని ఎక్కువ చిత్రాలు లెక్కిస్తే ఫలితం అంత కచ్చితమవుతుందనే అభిప్రాయం పాఠకుల్లో మిగులుతోంది. అది సరికాదు. ప్రతి బిందువు వద్ద దిశ లేని ఒక్క సంఖ్య మాత్రమే ఉండే అదిశ క్షేత్రం, అంటే స్కేలార్ ఫీల్డ్, ఈ సంగతిని చూపడానికి చాలు.

క్షేత్రపు నాలుగో ఘాతం ద్వారా అన్యోన్యచర్య (క్షేత్రం తనపై తానే చూపే ప్రభావం) జరిగే సిద్ధాంతంలో, దాని బలాన్ని తెలిపే లాంబ్డా చిన్నదని భావించి, కావలసిన రాశిని లాంబ్డా ఘాతాల శ్రేణిగా రాస్తారు. అయితే పైపదాలకు వెళ్లేకొద్దీ చిత్రాల సంఖ్య క్రమగుణితంలా (1×2×3×… అనే లబ్ధంలా) పెరుగుతుంది కనుక, లాంబ్డా ఎంత చిన్నదైనా ఒక దశ దాటాక పదాలు తగ్గడం మాని పెరగడం మొదలుపెడతాయి. విద్యుదయస్కాంత చర్యల శ్రేణి అభిసరించదని, అంటే ఒక స్థిర విలువకు చేరదని, భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ 1952లోనే వాదించారు. ఇక్కడ కారణం మరింత తేటగా ఉంది: లాంబ్డా రుణాత్మకమైతే శక్తికి కింది హద్దే ఉండదు, కాబట్టి సున్నాకు ఇరువైపులా ఒకే శ్రేణి పనిచేయడం అసాధ్యం.

స్థల పరిమాణాలన్నీ (పొడవు, వెడల్పు, ఎత్తు) తీసేసి కాలాన్ని మాత్రమే మిగిలిస్తే ఈ సిద్ధాంతం నాలుగో ఘాత పదం చేరిన హరాత్మక డోలకం (స్ప్రింగుకు కట్టిన బరువులా ఊగే వ్యవస్థ) అవుతుంది. తగిన ప్రమాణాల్లో దాని కనిష్ఠ శక్తి శ్రేణి 1/2తో మొదలవుతుంది. తర్వాతి గుణకాలు 3/4, -21/8, 333/16, -30885/128. లాంబ్డా 0.1 అనుకుని ఒక్కో పదాన్నీ కలుపుతూ పోతే 0.575, 0.549, 0.570, 0.545 వస్తాయి. అసలు విలువ 0.5591. కూడికను ఇంకా సాగదీస్తే ఊగిసలాట పెరుగుతుందే తప్ప తగ్గదు. కానీ మొదటి మూడు పదాలనే తీసుకుని, వాటితో ఏకీభవించే, లవహారాల్లో లాంబ్డా ఉండే భిన్నాన్ని నిర్మించే పాడే పద్ధతిని అనుసరిస్తే 0.5556 వస్తుంది. ఐదు పదాల కూడిక ఇవ్వలేనిది మూడు పదాల నుంచి రాబట్టగలిగామన్నమాట! గుణకాలను క్రమగుణితాలతో భాగించి, వచ్చిన మొత్తాన్ని సమాకలనం చేసే బోరెల్ పద్ధతి ఇంతకన్నా శక్తిమంతమైనది. నా దృష్టిలో అసలు గణన చిత్రాలు ముగిసిన చోటే మొదలవుతుంది.

భౌతిక శాస్త్రవేత్తలు కెన్నెత్ విల్సన్, మైఖేల్ ఫిషర్ 1972లో ఇదే రకం సిద్ధాంతంలో పరిమాణాల సంఖ్యనే 4 నుంచి కొద్దిగా తగ్గించి, ఆ తగ్గుదలను చిన్న రాశిగా వాడుకున్నారు. మూడు పరిమాణాల ఐసింగ్ నమూనాలో (పైకో కిందికో మాత్రమే చూసే చిన్న అయస్కాంతాల నమూనా) సంధి ఉష్ణోగ్రత దగ్గరపడేకొద్దీ సహసంబంధ దూరం, అంటే ఒక చోటి మార్పు ప్రభావం వ్యాపించే దూరం, పెరిగే తీరును తెలిపే ఘాతాంకానికి ఈ దారిలో మొదటి సవరణతో 0.583, రెండో సవరణతో 0.627 వస్తాయి; నేటి కచ్చితమైన విలువ సుమారు 0.630. ఈ శ్రేణి కూడా అభిసరించనిదే కాబట్టి పైపదాలకు మళ్లీ బోరెల్ వంటి పద్ధతులే కావాలి.

లాంబ్డా పెద్దదైనప్పుడు స్థలకాలాన్ని బిందువుల జాలకంగా విడగొట్టి, యాదృచ్ఛికంగా నమూనాలు తీసే మాంటే కార్లో పద్ధతిలో కంప్యూటర్‌పై లెక్కిస్తారు. అక్కడ శ్రేణే ఉండదు గానీ, జాలకపు ఎడాన్ని (పక్కపక్క బిందువుల మధ్య దూరాన్ని) సున్నా వైపు తీసుకెళ్లే పని మిగులుతుంది. నాలుగు పరిమాణాల్లో ఒకే అంశం గల అదిశ క్షేత్రానికి అలా చేస్తే చివరకు అన్యోన్యచర్య లేని క్షేత్రమే మిగులుతుందని మైఖేల్ ఐజెన్‌మన్, ఊగో డ్యుమినిల్-కోపిన్ 2021లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించారు. చిత్రాలను మాత్రమే కలుపుకుంటూ పోయేవారికి ఈ సంగతి ఎన్నటికీ రుజువు కాదు.

కాబట్టి ఇకపై ఇలాంటి వ్యాసాల్లో ఒక సంఖ్యను ఇచ్చినప్పుడు, అది ఎన్ని పదాల దగ్గర ఆపిన మొత్తమో, తర్వాత దాన్ని ఏ పద్ధతితో సరిదిద్దారో, జాలకం మీద వచ్చినదైతే ఎడాన్ని ఎలా తొలగించారో ఒకటి రెండు వాక్యాల్లోనైనా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర పాఠకుడు