మా పాప ఫైలు ముందే చదివి ఫోన్ చేసిన ఆవిడకి

అందరికీ నమస్కారం. పోయిన వారం మా పాప మెడికెయిడ్ (అమెరికాలో ముఖ్యంగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ప్లాన్ గురించి సర్వే వచ్చింది, 0 నుంచి 10 లోపు ఎంత ఇస్తారని. ఒక అంకె వేసి పంపేశాను. మనసులో ఉన్నది మాత్రం అలాగే ఉండిపోయింది, అందుకే ఇది.

పాపకి ఆరేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల ఒంటి కదలికలు కష్టమయ్యే స్థితి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం కదా, అమెరికాలో మెడికెయిడ్ మనకెక్కడ ఇస్తారులే అనుకునేవాళ్లం. థెరపీ దగ్గర పరిచయమైన ఒక అక్క కేటీ బెకెట్ అనే పాప గురించి చెప్పింది. అయోవా రాష్ట్రానికి చెందిన ఆ పాపని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తే మెడికెయిడ్ ఆగిపోయే పరిస్థితి వస్తే, 1981లో రీగన్ ప్రభుత్వం ఆమె కోసం నిబంధన సడలించింది. 1982 చట్టంతో, ఆసుపత్రి లాంటి సంస్థల్లో ఇచ్చే స్థాయి సంరక్షణ ఇంట్లోనే అవసరమైన పిల్లలకి తల్లిదండ్రుల ఆదాయం చూడకుండా మెడికెయిడ్ ఇచ్చే వీలు రాష్ట్రాలకి వచ్చింది. అక్కా, ఆ రోజు నువ్వు నా పక్క కుర్చీలో కూర్చోకపోతే మాకిది తెలిసేదే కాదు.

అలా మా పాపకి కార్డు వచ్చాక అసలు కష్టం మొదలైంది. ప్లాన్ వాళ్లకి ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి. పుట్టిన తేదీ, జబ్బు పేరు, నెలలు నిండకుండా పుట్టిన సంగతి, అన్నీ మొదటి నుంచి. ఆ కథ చెప్పి చెప్పి గొంతు పూడుకుపోయేది. పోయిన ఏడాది ఒకే వారంలో ప్లాన్ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి: గెయిట్ ట్రెయినర్ (పిల్లల్ని ఆసరాగా నిలబెట్టి నడిపించే పరికరం) వైద్యపరంగా అవసరం లేదట, వారానికి రెండు ఫిజికల్ థెరపీలు ఇక ఒకటేనట.

అప్పుడు ప్లాన్ తరఫున పాప వైద్యం సంగతులు చూసే కేర్ కోఆర్డినేటర్, కొత్తగా వచ్చినావిడ, తనే ఫోన్ చేసింది. "ఫైలంతా చదివానండీ, మళ్లీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇవాళ పాప ఎలా ఉంది?" అంది. ఏడుపు ఆగలేదు నాకు.

థెరపీ ఉత్తరం మీద తేదీ చదివించుకుని, పది రోజుల్లోపు అప్పీలు చేసి "అప్పటిదాకా కొనసాగించండి" అని అడిగితే, ముందే మంజూరై గడువు తీరని సెషన్లు ఆపకూడదని చెప్పింది. 21 ఏళ్లలోపు పిల్లలకి మెడికెయిడ్‌లో ఈపీఎస్‌డీటీ అని, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన చికిత్స ఇచ్చే ఏర్పాటు 1967 నుంచీ ఉందట. జబ్బు నయం కానక్కర్లేదు, స్థితి మెరుగుపడినా, దిగజారకుండా ఆగినా అది అవసరమైన వైద్యమే. ఆ ఒక్క మాట మీదే మా అప్పీలు నిలబడింది.

మా ఫిజికల్ థెరపిస్ట్ నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పాప ఎన్ని నిమిషాలు నిలబడగలదో, ఎన్నో అడుగు దగ్గర ఎడమ మోకాలు వంగిపోతుందో, అన్నీ కొలిచి. అదీ తన భోజనం టైములో కూర్చుని. ప్లాన్‌కి 30 రోజుల గడువుంటే 19వ రోజున రెండూ మంజూరయ్యాయి. పరికరాల కంపెనీ జాప్యం చేస్తుంటే, కోఆర్డినేటర్ మాతోపాటు లైన్లో ముప్పావు గంట ఉండిపోయింది.

గెయిట్ ట్రెయినర్ వచ్చిన రోజు పాప హాల్లోంచి వంటింటి దాకా నడిచొచ్చి ఫ్రిజ్ తలుపు అరచేత్తో కొట్టింది. కోఆర్డినేటర్ గారూ, థెరపిస్ట్ గారూ, ఆ వీడియో మొదట మీ ఇద్దరికే పంపాను, తర్వాతే మా అమ్మకి. మీకు వేల వేల కృతజ్ఞతలు.

ఇలాంటి ఉత్తరం వచ్చి ఏం చెయ్యాలో తోచని తల్లిదండ్రులెవరైనా ఉంటే మొహమాటపడకుండా నన్ను అడగండి. మా అప్పీలు కాపీ పేర్లు తీసేసి పంపుతాను.