అశోకుడు ఎవరికి సారీ చెప్పాడు, మేడం?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టుల మార్కులు, ఫీజు గడువు, చలికాలం టైమింగులు అన్నీ పిల్లల డైరీల్లో అంటించి పంపాం. ఈ నెల ఉత్తరంలో వాటి జోలికి పోను. కొన్ని వారాలుగా మీలో చాలామంది గేటు దగ్గర ఆపి నన్ను ఒకటే అడుగుతున్నారు: “శనివారం మధ్యాహ్నం పిల్లలకు ఏదో పాత సీరియల్ వేస్తున్నారంట కదా మేడం?” అవును, వేస్తున్నాం. దానికి పూచీ నాదే. ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను బందరులో పెరిగాను. 1988లో ఏడో తరగతి. ఆ ఏడాది నవంబరులో, నెహ్రూ శతజయంతి సందర్భంగా, దూరదర్శన్‌లో ‘భారత్ ఏక్ ఖోజ్’ మొదలైంది. మొత్తం 53 భాగాలు. తీసింది శ్యామ్ బెనెగల్. నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉండి 1944లో ఐదు నెలల్లో రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ దానికి ఆధారం. ఇవన్నీ తర్వాత తెలుసుకున్న సంగతులు. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఒకటే: అన్నయ్య మేడ మీద యాంటెన్నా గొట్టం తిప్పాలి, అమ్మ వాకిట్లో నిలబడి “వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది” అని కేకెయ్యాలి, బొమ్మ నిలిచాక అందరం చాప మీద కూర్చోవాలి.

ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. మా తాతయ్య రిటైరైన తెలుగు పండితుడు. ఆయనకు సంస్కృతం వచ్చు కాబట్టి, హిందీలో దొర్లే సంస్కృత పదాలను పట్టుకుని మిగతాది ఊహించి మాకు చెప్పేవారు. సీరియల్ పాట వచ్చినప్పుడు మాత్రం ఆయనకు ఊహించాల్సిన పని ఉండేది కాదు. అది ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం. వనరాజ్ భాటియా స్వరం కట్టారు. ఆ గొంతులు మొదలవగానే తాతయ్య పడక కుర్చీలోంచి వెన్ను నిటారుగా పెట్టి లేచి కూర్చునేవారు. సృష్టికి ముందు ఏముంది, ఇదంతా ఎక్కడినుంచి వచ్చింది, పైనుంచి చూసేవాడికైనా తెలుసా, ఏమో, ఆయనకూ తెలియదేమో అంటుంది ఆ సూక్తం. “చూశావా, చరిత్ర చెప్పబోతూ ముందు ‘తెలియదు’ అని మొదలుపెట్టాడు. వీడు మంచి మాస్టారు” అన్నారు ఒకసారి. బెనెగల్ గారిని ‘వీడు’ అనడం ఆ వయసు వాళ్ళ చనువు.

తెర మీద నెహ్రూ వేషంలో రోషన్ సేఠ్ కనబడితే తాతయ్య చెప్పే మాట ఇంకొకటి ఉండేది: “ఆ పక్క గదిలోనే మన పట్టాభి గారు ఉన్నారే!” నేను ఆ పక్క గది ఎప్పుడు చూపిస్తారా అని ఎదురుచూసేదాన్ని. బందరు వాళ్ళకు పట్టాభి సీతారామయ్య గారంటే అదో ఇది. ఆంధ్రా బ్యాంకు పెట్టిన మనిషి. తాతయ్య మాట ఉత్తిది కాదని చాలా ఏళ్ళకు తెలిసింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం అయిన మర్నాడే పట్టుకుపోయి అహ్మద్‌నగర్ కోటలో పెట్టిన కాంగ్రెస్ కార్యవర్గం వాళ్ళు 12 మంది. వాళ్ళలో నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు పట్టాభి గారూ ఒకరు.

తర్వాత చదువులు, ఉద్యోగం, పెళ్ళయి కర్నూలు రావడం. సీరియల్ సంగతి మరుగున పడింది. 2024 డిసెంబరు 23న బెనెగల్ గారు పోయారని రాత్రి వార్తల్లో చూశాను. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన మనిషి. పోచంపల్లి నేతగాళ్ళ మీద సినిమా తీశారు, తెలుగులో ‘అనుగ్రహం’ తీశారు. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతికితే సీరియల్ మొత్తం యూట్యూబ్‌లోనే ఉంది, ప్రసార భారతి వాళ్ళే పెట్టారు. పాట మొదలైంది. మా వారు లేచి “ఏమైంది, ఎవరికైనా బాగాలేదా?” అని అడిగారు. నా మొహం అలా ఉందట.

ఆ రాత్రి నాకు తెలిసొచ్చిన విషయం ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఆ సీరియల్ నా తలలో రంగుల్లో ఉంది. రాజుల ఉత్తరీయాలు, గుర్రాల జీనులు, కోటల మీద జెండాలు, అన్నిటి రంగులూ చెప్పగలను. కానీ మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ! ఆ రంగులన్నీ నేను వేసుకున్నవే. అలాగే సీరియల్లో చెప్పారని నేను పిల్లలకు క్లాసులో చెబుతూ వచ్చిన కొన్ని ముచ్చట్లు ఎంత వెతికినా సీరియల్లో దొరకలేదు. అవి తాతయ్య కలిపినవి. సోషల్ టీచరుగా పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, కాస్త సిగ్గేసింది.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు చూపిద్దామన్న ఆలోచన అక్కడే పుట్టింది. మొదటి శనివారం తుస్సుమంది. ప్రొజెక్టర్ సగంలో ఆగింది, అది బాగయ్యేలోపు కరెంటు పోయింది. పైగా సీరియల్ నిదానం. ఈ కాలం పిల్లలకు ఒక మనిషి గుమ్మం దాటి లోపలికి రావడానికి పట్టే టైం కూడా ఎక్కువే. కొన్ని సెట్లు అట్టతో చేసినట్టే ఉంటాయి. చేసిన నటులే మళ్ళీ మళ్ళీ వస్తుంటారు. కథ నడిపించే గొంతు ఓం పురిది. ఆయనే అశోకుడు, ఆయనే ఔరంగజేబు. రాముడుగా చేసిన సలీం ఘౌస్ తర్వాత టిప్పు సుల్తాన్ అవుతాడు. ఇది చెప్పగానే “రాముడే టిప్పునా!” అని వెనక బెంచీల్లో ఒకటే నవ్వులు. నవ్వనిచ్చాం. ఒకే మొహం ఇన్ని కాలాల్లో కనబడటం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

రెండో వారం నుంచి పద్ధతి మార్చాం. మా సోషల్ సార్ పక్కన నిలబడి, మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్తారు. అంటే మా తాతయ్య ఉద్యోగమే. కాకపోతే ఇక్కడ పిల్లలకు ఒక హక్కు ఇచ్చాం. ఎప్పుడు అనుమానం వచ్చినా చెయ్యెత్తి “ఇది సీరియల్లో ఉందా, మీరు చెప్తున్నారా సార్?” అని అడగొచ్చు. మొదట్లో సార్‌కు ఇబ్బందిగానే ఉండేది. ఇప్పుడు ఆయనే ముందు చెప్పేస్తున్నారు: “ఇది నా సొంతం.”

ఇది రాజకీయమా అని ఒక నాన్నగారు కాస్త గట్టిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఇది నెహ్రూ చూసిన భారతదేశం, బెనెగల్ చరిత్రకారుల సలహాలతో తెరకెక్కించినది. పిల్లలకూ ఇలాగే చెప్పాం. నా ఫిర్యాదులు నాకూ ఉన్నాయి. దక్షిణాదికి సంగం కాలం, శిలప్పదికారం, చోళులు, విజయనగరం దక్కాయి గానీ, 53 భాగాల్లో మన కాకతీయులకు విడిగా ఒక్కటి లేదు. రుద్రమదేవి ఎక్కడని ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగితే “లేదమ్మా” అని చెప్పడం తప్ప చేసేదేముంది? ఆ అమ్మాయి ఇప్పుడు తనే ఒక భాగం రాస్తోంది. నలుగురు స్నేహితురాళ్ళను గుర్రాలుగా తీసుకుందట.

ఇక ఈ ఉత్తరానికి పేరిచ్చిన ప్రశ్న. అశోకుడికి రెండు భాగాలున్నాయి. కళింగ యుద్ధం, ఆ తర్వాత ఆయన మారడం. అయిపోయాక హాలు నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు ఎప్పుడూ నోరు విప్పని తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి అడిగాడు: “మరి ఎవరికి సారీ చెప్పాడు మేడం?”

టక్కున “కళింగ ప్రజలకు” అనబోయి ఆగాను. ఎందుకంటే అది తప్పు. ఆయన బాధపడుతూ చెప్పిన మాటలు పదమూడో శిలాశాసనంలో ఉన్నాయి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు కళింగను గెలిచాననీ, లక్షన్నర మందిని అక్కడినుంచి తరలించాననీ, లక్ష మంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారనీ, అది తలచుకుంటే బాధగా ఉందనీ అందులో చెక్కించాడు. అదే శాసనంలో అడవి జనాలకు ఒక హెచ్చరిక కూడా ఉంది: బాధపడుతున్నాను గానీ, శిక్షించే శక్తి పోలేదు సుమా అని. అయితే కళింగ దేశంలోనే, అంటే ఒడిశాలోని ధౌలి, జౌగడల దగ్గర, ఈ పదమూడో శాసనం లేదు. అక్కడ దాని బదులు వేరే శాసనాలు పెట్టించాడు, ప్రజలందరూ నా బిడ్డలే అంటూ. ఎవరినైతే చంపాడో వాళ్ళు చదివే చోట ఆ లెక్క చెక్కించలేదన్నమాట.

మరి ఎక్కడ చెక్కించాడు? చెక్కించిన చోట్లలో ఒకటి ఎర్రగుడి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడే. జొన్నగిరి దగ్గర, గుత్తి వెళ్ళే దారిలో మీలో ఎందరో దాటిపోయే ఊరు. అక్కడి బండల మీద పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి, చిన్న శాసనాలూ ఉన్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాక లోకానికి తెలిశాయి. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నేను ఈ జిల్లాకు కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా వెళ్ళలేదు. సీరియల్ పుణ్యమా అని పోయిన నెల సార్‌తో కలిసి వెళ్ళొచ్చాను.

ఎండలో ఆ బండ ముందు నిలబడితే మొదట ఏమీ కనబడదు. కాసేపటికి కళ్ళు అలవాటుపడి గీతలు అక్షరాలవుతాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. ఈ లిపిని చదవడం జనం మరిచిపోతే, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ మళ్ళీ చదవగలిగాడు. ఎర్రగుడి చిన్న శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోతాయి, వాటి మధ్య కొన్ని కుడి నుంచి ఎడమకు తిరిగొస్తాయి. చేను దున్నేటప్పుడు ఎద్దులు గట్టు దగ్గర తిరిగి పక్క సాలు పట్టుకున్నట్టు. నేను ఎలా చదవాలా అని తికమక పడుతుంటే, ఆ ఊరి రైతు ఒకాయన నవ్వి, “దుక్కి దున్నినట్టుంది గదమ్మా” అన్నాడు. పండితులు ఈ రాతకు పెట్టిన గ్రీకు పేరుకు కూడా సరిగ్గా అదే అర్థం.

తిరిగొచ్చి ఆ పిల్లవాడికి ఈ కథంతా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “అయితే మనకు చెప్పాడన్నమాట” అన్నాడు. “మనకెందుకు చెప్పాడు?” అని వాడే మళ్ళీ అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. పిల్లలు ఇంటికొచ్చి మిమ్మల్ని కూడా ఇలాంటివి అడుగుతున్నారని విన్నాను. తెలియకపోతే మీరూ తెలియదనే చెప్పండి, టెన్షన్ పడకండి.

పదో తరగతి తల్లిదండ్రులకు: మీ పిల్లలకు ఈ షోలు లేవు, వాళ్ళకు శనివారం మ్యాథ్స్ రివిజన్ మామూలుగానే ఉంటుంది. ఈ విషయం మీద నాకు ఇప్పటికే పదకొండు ఫోన్లు వచ్చాయి.

వచ్చే నెల రెండో శనివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ఎర్రగుడి తీసుకెళ్తున్నాం. పొద్దున ఆరింటికి బడి దగ్గర బస్సు బయల్దేరుతుంది, సాయంత్రం ఐదింటికి తిరిగొస్తాం. టోపీ, రెండు బాటిళ్ళ నీళ్ళు, పులిహోరో పెరుగన్నమో ఒక డబ్బా, కాలికి బూట్లు తప్పనిసరి. అక్కడ నీడ తక్కువ. డైరీలోని అనుమతి పత్రం మీద సంతకం చేసి పంపండి. ఇంకో మాట మీ పిల్లలకు ముందే చెప్పండి: ఫోటోలో అక్షరాలు బాగా పడాలని సుద్దముక్కతో రుద్దడం, బండ మీద నీళ్ళు పొయ్యడం చేయకూడదు. అక్కడ ఎవరో అలా చేసిన తెల్లటి మరక నేను చూశాను.

బస్సులో వెనక ఆరు సీట్లు తాతయ్యలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు ఉంచాం. ఆ సీరియల్ అప్పట్లో చూసినవాళ్ళెవరైనా ఉంటే ముందుగా పేరివ్వండి. హిందీ రాకుండా చూసినవాళ్ళకు మొదటి సీటు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు