బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూడాలి

సంపాదకుల వారికి,

పాత అంబాసిడర్, పద్మినీ కార్లను ఇప్పటికీ అపురూపంగా నడుపుకుంటున్న వారు విజయవాడలో ఉన్నారు, వాటి మరమ్మతులు తెలిసిన పనివారు ఆటోనగర్‌లో ఉన్నారు. అయినా ఉదయం సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) తిరగలేదని చెప్పగానే, వోల్టు మీటరు పెట్టి చూడకుండానే కొత్త బ్యాటరీ వేయించుకోమనే దుకాణాలు కొన్ని ఉన్నాయి. పాత బ్యాటరీని ఎక్స్ఛేంజ్ కింద దుకాణమే ఉంచుకుంటుంది కనుక, అది నిజంగా పాడైందో లేదో ఆ తర్వాత తేల్చే దారి ఉండదు.

ఈ పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం ఖాళీ అయినట్టు. ఇంజిన్‌ను కాస్త రేజ్ చేసి చూసినప్పుడు రీడింగు 13.8, 14.4 వోల్టుల మధ్యకు చేరాలి. అది 12 దగ్గరే ఉండిపోతే, ఫ్యాన్ బెల్టు వదులైందా, ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జి చేసే డైనమోలో కార్బన్ బ్రష్షులు అరిగాయా, డైనమోను బ్యాటరీతో కలిపి విడదీసే కటౌట్ పాయింట్లు మాడాయా అన్నది వరుసగా చూసుకోవాలి. ఛార్జింగ్ బాగానే ఉండి సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరుగుతుంటే, సెల్ఫ్ కొడుతూ ఇంజిన్ బ్లాకుకూ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ (కారు బాడీకి తీగతో కలిపిన కొసకూ) మధ్య వోల్టేజీ చూడాలి. అది అర వోల్టు మించితే ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు గీకి మళ్లీ బిగించాలి. పాత కార్లలో చాలా ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం. దీనికి అయ్యే ఖర్చు గరుకు కాగితం ముక్క.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి 'ఆగలేదు కాబట్టి ఛార్జింగ్ ఉంది' అని తేల్చే పద్ధతి. డైనమో కాలం నాటి ఈ అలవాటును, డైనమోకు బదులు ఆల్టర్నేటర్ ఉన్న తర్వాతి అంబాసిడర్ల మీద ప్రయోగిస్తే, వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి దానిలోని డయోడ్లు కాలిపోవచ్చు. అప్పుడు బ్యాటరీ కోసం వెళ్లిన మనిషి ఆల్టర్నేటర్ కూడా కొనుక్కోవలసి వస్తుంది.

మరొక అపోహ కూడా ఉంది. రాత్రిపూట బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, హెడ్‌లైట్లు వెలుగుతున్న డైనమో కారులో, బ్యాటరీ ఛార్జి అవుతోందో ఖర్చవుతోందో చూపే అంపియర్ మీటరు ముల్లు మైనస్ వైపు వాలడం లోపం కాదు. ఐడ్లింగ్‌లో డైనమో ఛార్జి చేయడం బహు తక్కువ, వేగం అందుకోగానే ముల్లు ప్లస్‌లోకి రావాలి. ఇది గ్రహించకుండా, ఛార్జింగ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ స్క్రూ తిప్పి ఛార్జింగ్ పెంచితే, మే నెల ఎండల్లో బ్యాటరీలో నీరు ఇంకిపోయి అది నిజంగానే పాడవుతుంది.

బ్యాటరీ అమ్మే ముందు, ఇంజిన్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి తీసిన రీడింగులను బిల్లు మీద రాసి ఇచ్చే పద్ధతిని ఆటోనగర్ వ్యాపారులు పాటించేలా మీ పత్రిక ద్వారా ఈ విషయం వారి దృష్టికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత కారు యజమాని,
మొగల్రాజపురం, విజయవాడ