రాత్రి కాల్స్ మీద మన యూనివర్సిటీలు స్టడీ చెయ్యాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

హైదరాబాద్‌కి వస్తున్న గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల (విదేశీ కంపెనీలు తమ పని కోసం ఇక్కడ పెట్టుకునే సొంత ఆఫీసులు) గురించి పేపర్లలో తెగ చదువుతున్నాం, ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని అంతస్తులు అని, కానీ లోపల రెండు దేశాల మనుషులు కలిసి పని ఎలా చేస్తున్నారో ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను పని చేసేది కాలిఫోర్నియా టీమ్‌తో. వాళ్ళకి పొద్దున తొమ్మిదంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకోగానే అదే మీటింగ్ మనకి పదిన్నరకి పోతుంది, ఇంక మార్చి దాకా అంతే, వాళ్ళ క్యాలెండర్‌లో ఏమీ మారదు కాబట్టి ఎవరికీ పట్టదు. సరే, నిద్ర సంగతి అలా ఉంచండి. అసలు చిక్కంతా మాటల దగ్గరే. కాల్‌లో మనవాళ్ళు ఏమీ అనకపోతే అవతలి వాళ్ళు సరే అన్నట్టే లెక్కేసుకుంటారు, చాలాసార్లు అది ఒప్పుకోవడం కాదు, అందరి ముందు కుదరదు అని చెప్పలేకపోవడం, లేదా వాళ్ళు గబగబా మాట్లాడిందాంట్లో సగం అందకపోవడం. కాల్ అయ్యాక వాళ్ళు కాఫీ తాగుతూ ఇంకోటి అనుకుని డిజైన్ మార్చేస్తారు, ఆ సంగతి మనకి మర్నాడు కోడ్ రివ్యూలో, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకొకరు చూసి సరిచేసేటప్పుడు గానీ తెలీదు.

ఇది మా ఒక్క టీమ్ గోల కాదు. అమెరికాలో క్యాథరిన్ క్రామ్టన్ అనే ప్రొఫెసర్ వేరే వేరే ఊళ్ళ స్టూడెంట్లతో కట్టిన టీమ్‌లని గమనించి 2001లోనే రాశారు, అటు నుంచి జవాబు రాకపోతే అక్కడ సెలవేమో, మెయిల్ అందలేదేమో అని ఆలోచించకుండా ఆ మనిషికే శ్రద్ధ లేదని తేల్చేస్తారట. చదువుతుంటే మా ఆఫీసు సంగతే రాసినట్టనిపించింది.

అలాగని దూరంగా ఉంటే పని అవదని కాదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఉపగ్రహం చూడండి, ఒక రాడార్ నాసాది, ఒకటి ఇస్రోది, ఒప్పందం 2014 నాటిది. మన ఇంజినీర్లు అక్కడికెళ్ళి, వాళ్ళు బెంగళూరొచ్చి పక్కపక్కన కూర్చుని బిగించారు దాన్ని. మా లాంటి చోట్ల మాత్రం ఖర్చు తగ్గించాలంటే ముందు కోసేది ఆ ప్రయాణాలనే, ఇది చాలా తప్పు అని నా అభిప్రాయం.

నా మనవి ఏంటంటే ఉస్మానియా, ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ లాంటివి ఈ స్టడీ ఇక్కడి వైపు నుంచి చెయ్యాలి. అదీ తెలుగులో అడగాలి. ఇంగ్లీషులో హెచ్ఆర్ పంపే సర్వేలో అందరూ బాగుందనే టిక్ పెడతారండీ, అదే మనిషిని టీ బండి దగ్గర తెలుగులో కదిలిస్తే గంట చెప్తాడు. ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారు, నిర్ణయం ఎక్కడ జరిగింది, అది ఎవరైనా రాసిపెట్టారా, ఆడపిల్లలు రాత్రి కాల్స్ వల్ల ప్రమోషన్లు వదులుకుంటున్నారా, ఇవన్నీ లెక్క తియ్యాలి. ముందుగా మీరు ఒక పేజీ ఇచ్చి ఉద్యోగుల అనుభవాలు పేర్లు లేకుండా వేస్తే స్టడీ చేసేవాళ్ళకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది, రాయడానికి మా ఫ్లోర్‌లోనే బోలెడుమంది ఉన్నారు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్