దశాంశాల దొరకి చూపించకు

ఒరేయ్,

జవాబు బాగా ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరూ కులాసా, మిగతా కబుర్లు తర్వాత. మీ బొగ్గుగని గాలి శాంపిల్ సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నువ్వు పంపిన అంకెలు: ఆక్సిజన్ 20.70 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.15 శాతం, మీథేన్ లేదు, కార్బన్ మోనాక్సైడ్ 40 పీపీఎం (పది లక్షల్లో 40 పాళ్లు). మిగిలిందంతా నైట్రోజన్ అనుకుంటే 79.15. దాన్ని 0.265తో (తాజా గాలిలో నైట్రోజన్‌తో పోలిస్తే ఆక్సిజన్ ఎంతో చెప్పే అంకె) గుణించి 20.70 తీసేస్తే ఆక్సిజన్ లోటు, అంటే గనిలో ఖర్చైన ఆక్సిజన్, 0.275. మోనాక్సైడ్ 0.004 శాతం కదా, లోటుతో భాగించి వందతో గుణిస్తే గ్రాహం నిష్పత్తి (ఖర్చైన ఆక్సిజన్‌కి ఎంత మోనాక్సైడ్ పుట్టిందో చెప్పేది, బొగ్గు వేడెక్కేకొద్దీ పెరుగుతుంది) 1.5. బొగ్గు వేడెక్కుతోందేమోనని నీకు దడ.

తమాషా చూడు. ఆక్సిజన్ రీడింగు 20.80 వచ్చిందనుకో. నైట్రోజన్ 79.05కి దిగుతుంది, లోటు 0.15, నిష్పత్తి 2.7! అదే 20.60 అయితే 1.0. గనిలో ఏమీ మారలేదురా, మారింది మన 0.1. నైట్రోజన్‌ని ఎవరూ కొలవలేదు, నూటిలోంచి తీసివేతలో వచ్చింది. అందుకే ఆక్సిజన్‌లో తప్పు లోటులోకి 1.265 రెట్లై చేరుతుంది. (ఇది దశాంశాల దొరకి చూపించకు, రాత్రంతా మనల్ని కూర్చోబెడతాడు.)

లోటు 0.3 లోపుంటే ఆ నిష్పత్తిని నేను నమ్మను. దారిలో తాజా గాలి కలిస్తే నిష్పత్తి మారదు, నిజమే, మోనాక్సైడూ లోటూ కలిసే తగ్గుతాయి. కానీ లోటు చిక్కిపోయి తప్పు లావెక్కుతుంది. అక్కడ మోనాక్సైడ్ ఎంత పుడుతోందో చూడు: సెకనుకి 10 ఘనమీటర్ల గాలిలో 40 పీపీఎం అంటే నిమిషానికి 24 లీటర్లు. లోపలికొచ్చే గాలిలో ముందే ఉన్న మోనాక్సైడ్‌ని తీసెయ్యి, డీజిల్ పొగా పేలుళ్ల పొగా లేని వేళ చూడు. అది రోజురోజుకీ పెరిగితే అప్పుడు దడ పడు.

అసలు దొంగ వేరే ఉండొచ్చు. క్రొమటోగ్రాఫ్‌లో (వాయువుల్ని విడదీసి కొలిచే యంత్రం) మాలిక్యులర్ సీవ్ కాలమ్, అంటే ఆ విడదీసే గొట్టం, మామూలు వేడిలో ఆర్గాన్‌నీ ఆక్సిజన్‌నీ ఒకే పీక్‌లో (గ్రాఫు మీది మొన) కలిపేస్తుంది. గాలిలో ఆర్గాన్ 0.93 శాతం. యంత్రాన్ని సరిచూసే మీ క్యాలిబ్రేషన్ సిలిండర్‌లో ఆక్సిజన్, నైట్రోజన్ మాత్రమే ఉంటే ఆ ఆర్గాన్ కూడా ఆక్సిజన్ లెక్కలో పడుతుంది, లోటు మైనస్‌లోకి పోయినా పోతుంది. మన 0.265 ఏమో 20.93ని 79.04తో భాగిస్తే వచ్చింది, ఆ 79.04లో ఆర్గాన్ ఉంది! ముందు బయటి గాలిని ఎండబెట్టి ఎక్కించు. లోటు సున్నా దగ్గరికి రాకపోతే శాంపిల్ జోలికే పోకు.

ఇంకా, మూసేసిన ప్రాంతంలో హైడ్రోజన్ ఉంటే మోనాక్సైడ్ సెన్సారు ఎక్కువ చూపుతుంది, ఆక్సిజన్ తక్కువైతే మీథేన్‌ని మండించి కొలిచే పెల్లిస్టరు తక్కువ... అబ్బా, పిలుస్తున్నారు. పోస్టు పోతోంది, మిగతాది