కొనకపోవడం మా ఇష్టం, కొట్టు మూయించడం సర్కారు పని కాదు

సంపాదకులకు నమస్కారం.

స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా మాట్లాడాడని ఒక వ్యాపారి దగ్గర సరుకు కొనొద్దని ప్రచారం చేయడం పచ్చి అసహనమని మీ పత్రికలో మొన్న ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. నేనుండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రం ఆల్ఫారెట్టాలో. ఆయన ఉదాహరణగా చెప్పిన చిక్-ఫిల్-ఏ అనే చికెన్ శాండ్‌విచ్ షాపుల కంపెనీ హెడ్డాఫీసు మా అట్లాంటా పక్కనే ఉంది. ఆ గొడవ గురించి ఆయన సగమే చెప్పారు కాబట్టి మిగతా సగం నేను చెప్పాలనుకుంటున్నాను.

2012 వేసవిలో ఆ కంపెనీ పెద్ద డాన్ కేథీ ఒక రేడియో కార్యక్రమంలో మాట్లాడుతూ, పెళ్ళికి అర్థం మార్చడమంటే దేశం మీదికి దేవుడి ఆగ్రహాన్ని కొనితెచ్చుకోవడమే అన్న ధోరణిలో చెప్పాడు. అది ఆయన నమ్మకం, చెప్పుకోవచ్చు. ఆదివారాలు షాపులు మూసేసే భక్తి గల కుటుంబం, అందులో దాపరికమేమీ లేదు. కానీ జనానికి మండింది ఆ మాట ఒక్కదానికే కాదు. ఆ కంపెనీ డబ్బుతో నడిచే ఫౌండేషన్ అంతకుముందు నుంచే స్వలింగ వివాహాల్ని వ్యతిరేకించే సంస్థలకు లక్షల డాలర్లు ఇస్తూ వచ్చింది. ఇదే జార్జియాలో 2004లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి మరీ ఆ పెళ్ళిళ్ళు చెల్లవన్నారు, 2015లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అదే చట్టం. మరి ఇక్కడి ఒక స్వలింగ జంట చికెన్ శాండ్‌విచ్ కొన్నప్పుడు అందులో కొంత తమ పెళ్ళిని అడ్డుకునేవాళ్ళకే చందాగా పోతుందని తెలిస్తే, ఇక మీ దగ్గర కొనం అనడం అసహనం ఎలా అవుతుంది? తమ చేత్తో తమ కళ్ళే పొడుచుకోవాలా?

ఇంకో సంగతి, ఈ పని ఒక్క వైపు వాళ్ళే చేయలేదు. స్వలింగ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు కూడా సౌకర్యాలు ఇస్తోందని, ఇంకా ఇలాంటివే వేరే కారణాలతో డిస్నీని సదరన్ బాప్టిస్టులనే క్రైస్తవ వర్గం వాళ్ళు 1997 నుంచి 2005 దాకా బహిష్కరించారు. చిక్-ఫిల్-ఏకి మద్దతుగా అర్కాన్సాస్ మాజీ గవర్నర్ మైక్ హకబీ 2012 ఆగస్టు 1న అందరూ వెళ్ళి అక్కడే తినండని పిలుపిస్తే కార్లు రోడ్ల మీదికి బారులు తీరాయి. అది కూడా డబ్బుతో అభిప్రాయం చెప్పడమే. దాన్ని భక్తి అని, దీన్ని అసహనం అని ఎలా అంటారు?

మా పిల్లల తెలుగు క్లాసు వార్షికోత్సవానికి తిండి ఏం తెప్పించాలని మీటింగు పెట్టుకున్నప్పుడు ఇదే చర్చ వచ్చింది. ఎవరో చిక్-ఫిల్-ఏ ట్రేలు చెప్పేద్దాం, పిల్లలకు ఇష్టం, శాకాహారులకు ఫ్రైస్ ఉంటాయి అన్నారు. కాలేజీ చదివే ఒక అమ్మాయి, వాలంటీరుగా అ-ఆలు నేర్పుతుంది, చెయ్యెత్తి వద్దంది. ఒక పెద్దాయన విసుక్కున్నారు, "తినే తిండిలో కూడా రాజకీయాలేంటమ్మా?" అని. ఆ పిల్ల గొంతు పెంచలేదు. "నేను ఎవర్నీ తినొద్దనట్లేదు అంకుల్, మీరు రోజూ తినండి. ఇది అందరి చందా డబ్బు, అందులో మాదీ ఉంది కదా" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత పిజ్జా తెప్పిద్దామన్నారు. నాకు ఆ అమ్మాయి మాట చాలా సబబుగా అనిపించింది, ఎందుకంటే తన డబ్బు వరకే మాట్లాడింది, పక్కవాడి ప్లేటు జోలికి పోలేదు.

అలాగని బహిష్కరణ పేరుతో జరిగిన ప్రతిదాన్నీ నేను వెనకేసుకు రాను. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాల్ని ఆపడానికి ప్రతిపాదన 8 అని ఓటింగు పెట్టారు, అది నెగ్గింది కూడా. అక్కడి చట్టం ప్రకారం వంద డాలర్లు, ఆపైన చందా ఇచ్చినవాళ్ళ పేర్లు బయటికొస్తాయి. అలా లాస్ ఏంజెలెస్‌లో ఒక పాత మెక్సికన్ హోటల్ మేనేజరు, ఆమె మతవిశ్వాసం కొద్దీ వంద డాలర్లు ఇచ్చిందని తెలిసింది. జనం హోటల్ ముందు చేరి అరిచారు, ఏళ్ళ తరబడి వచ్చే గిరాకీ పోయింది, చివరికి ఆమె ఆ పని వదులుకుంది. ఆ హోటల్లో స్వలింగ కస్టమర్లను ఎవరూ చిన్నచూపు చూడలేదు, హోటల్ డబ్బు చందాగా పోలేదు. పెద్ద కంపెనీ ఎదుట చిన్నవాళ్ళు చేతులు కట్టుకుని కూచోకుండా ఉండటం వేరు, ఊరంతా కలిసి ఒక మనిషి మీద పడటం వేరు. మన తెలుగువాళ్ళకు ఈ తేడా ఒకరు నేర్పాల్సిన పని లేదు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవ తర్వాత భూములున్నవాళ్ళు దళితులకు పనులు ఇవ్వకుండా వెలివేశారు. ఎవరు ఎవరి మీద చేస్తున్నారో చూడకుండా బహిష్కరణ మంచిదా చెడ్డదా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా విషయం మరీ చిక్కు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన బ్రెండన్ ఐక్‌ని 2014 మార్చిలో అక్కడ సీఈఓ చేశారు, 2008లో అదే ప్రతిపాదన 8కి వెయ్యి డాలర్లు ఇచ్చాడని గొడవ లేచింది, ఒక డేటింగ్ సైటు తన యూజర్లను ఫైర్‌ఫాక్స్ వాడొద్దంది, రెండు వారాలు తిరక్కుండానే ఆయన దిగిపోయాడు. ఆయన సొంత జేబులోంచి ఇచ్చిన డబ్బు, అదీ ఆరేళ్ళ కిందటిది. ఆఫీసులో ఎవరినైనా వివక్షతో చూశాడని ఎవరూ చూపించలేదు. సీఈఓ అంటే వంద డాలర్ల మేనేజరు కాదు, నిజమే, ఆ కుర్చీకి జవాబుదారీ ఎక్కువ. అయినా నాకు ఆ సంగతి ఇప్పటికీ మింగుడు పడదు. ఆయన ఏం చేస్తే వాళ్ళు శాంతించేవాళ్ళు? నమ్మకం మార్చుకున్నానని అబద్ధం చెప్పాలి, లేదా పోవాలి.

దానికి పూర్తి భిన్నంగా జరిగింది ఇటలీ పాస్తా కంపెనీ బరిల్లా విషయంలో. 2013లో దాని ఛైర్మన్ గ్విడో బరిల్లా మా యాడ్‌లో స్వలింగ కుటుంబాన్ని పెట్టను, నచ్చనివాళ్ళు వేరే పాస్తా తినండి అన్నట్టు రేడియోలో మాట్లాడాడు. సరే అని జనం వేరే పాస్తా తిన్నారు. కంపెనీ దిగొచ్చింది, ఛైర్మన్ క్షమాపణ చెప్పాడు, ఉద్యోగుల విధానాలు మార్చారు. మరుసటి ఏడాదికే అమెరికాలో స్వలింగ సంపర్కుల హక్కుల సంస్థ ఇచ్చే రేటింగులో వందకు వంద వచ్చాయి. ఇక్కడ అడిగింది ఏమిటో స్పష్టంగా ఉంది, ఇవ్వగలిగింది, ఇచ్చారు. చిక్-ఫిల్-ఏలో కూడా కొంత మారింది. కంపెనీని ఈ వివాదంలోకి లాగడం పొరపాటని కేథీయే 2014లో ఒప్పుకున్నాడు, తన నమ్మకం మాత్రం మారలేదన్నాడు. మారనక్కర్లేదు కూడా, డబ్బు ఎటు పోతోందన్నదే నాకు ముఖ్యం.

ఇక నాకు నిజంగా భయం వేసేది సర్కారు వేలు పెట్టినప్పుడే. 2012లో బోస్టన్ మేయర్ థామస్ మెనీనో మా ఊళ్ళో మీకు చోటు లేదని చిక్-ఫిల్-ఏకి ఉత్తరం రాశాడు. షికాగోలో ఒక కౌన్సిల్ సభ్యుడు తన వార్డులో కొత్త షాపుకి అనుమతి రాకుండా చూస్తానన్నాడు. నేను స్వలింగ వివాహాల పక్షం, అయినా ఆ ఇద్దరిదీ తప్పే. పౌరహక్కుల కోసం కోర్టుల్లో పోరాడే ఏసీఎల్‌యూ కూడా షికాగో విషయంలో అదే చెప్పింది, అభిప్రాయం చూసి అనుమతులు ఆపకూడదని. తర్వాత మెనీనోయే తాను చట్టప్రకారం ఆపలేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. నేను కొనకపోతే కంపెనీకి ఒక గిరాకీ పోతుంది, అంతే. మేయర్ లైసెన్సు ఆపితే కొనాలనుకున్నవాడి నోరు కూడా కట్టేసినట్టే. ఈరోజు నాకు నచ్చని వ్యాపారిని ఆపిన ఆ సంతకమే రేపు నాకు నచ్చినవాడిని ఆపుతుంది.

మన దేశంలో అదే జరిగింది. 2021 అక్టోబరులో డాబర్ తన ఫెమ్ క్రీముకి ఒక యాడ్ తీసింది, ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు కర్వా చౌత్, అంటే ఉత్తరాదిలో భర్త క్షేమం కోసం భార్య ఉపవాసం ఉండే నోము, చేసుకుంటున్నట్టు. నచ్చనివాళ్ళు ఆ క్రీము కొనడం మానేస్తే నేను ఒక్క మాట కూడా అనేవాణ్ణి కాదు. కానీ మధ్యప్రదేశ్ హోం మంత్రి నరోత్తమ్ మిశ్రా యాడ్ తీసేయకపోతే చట్టపరమైన చర్యలు తప్పవన్నారు. కంపెనీ యాడ్ తీసేసి క్షమాపణ చెప్పింది. కొనాలో మానాలో తేల్చుకునే అవకాశం జనానికి దక్కనేలేదు. మంత్రి బెదిరింపుతో ముగిసిన ఆ సంగతి గురించి, పెద్దాయన తన ఉత్తరంలో అసహనం అంటూ ఒక్క వాక్యం రాసి ఉంటే బాగుండేది.

ఈ విషయం మన దగ్గరికి రాదులే అనుకోవద్దు. స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2023 అక్టోబరు 17న కోర్టు కాదంది, చట్టం చేయాల్సింది పార్లమెంటే అంది. అంటే ఇక ముందు ఎంపీలు, కంపెనీలు, నగల షాపులు, చీరల షాపులు, కల్యాణ మండపాల వాళ్ళు ఏదో ఒక వైపు మాట్లాడక తప్పని రోజు వస్తుంది. అప్పుడు ఎవరి సరుకు కొనాలన్నది మాకు వదిలేయండని, మంత్రులు, పోలీసులు, మున్సిపల్ అధికారులు అందులోకి రావద్దని మీ పత్రిక ఇప్పుడే, ఇంకా ఏ గొడవా లేనప్పుడే, సంపాదకీయం రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఆల్ఫారెట్టా, జార్జియా