ఛార్జింగ్ గురించి అడిగితే డిస్క్‌కు తాళం వేయించారు: ల్యాప్‌టాప్ కంపెనీకి ఫిర్యాదు

పొదలకూరు,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: మీ హెల్ప్‌లైన్ ఇచ్చిన తప్పుడు సలహా, మీ అధీకృత డీలరు మా ల్యాప్‌టాప్‌ను తన ఖాతాతో సిద్ధం చేసి అమ్మడం, వీటి వల్ల మాకు కలిగిన నష్టం.

ఆర్యా,

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టులో మా నాన్నగారికి కమిషన్ కొట్టు ఉంది. నేను బీకాం కంప్యూటర్స్ చదివాను, కొట్టు లెక్కలు నేనే చూస్తాను. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చారు, ఆ పూట ఏ ధర పలికింది, కాటా, హమాలీ ఖర్చులు పోను ఎంత ఇవ్వాలి, తోట పూతలో ఉండగానే ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చాం, ఢిల్లీ లారీకి ఎంత సరుకు ఎక్కింది అన్నదంతా మీ కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి ఇంట్లో భద్రపరుస్తాను. అయితే ఎండాకాలంలో నిమ్మ ధర పూటపూటకూ మారుతుంది. ఆ రోజుల్లో వారం లెక్క గల్లంతైతే ఎవరి బాకీ ఎంతో చెప్పలేక రైతుల ముందు తలదించుకోవలసి వస్తుంది.

గత మే నెలలో ల్యాప్‌టాప్ ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోవడం మొదలైంది. మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. మాట్లాడిన వ్యక్తి బయోస్ (మెషీన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) పాతదైపోయిందని, కొత్తది వేస్తే సరిపోతుందని చెప్పారు. మీ వెబ్‌సైట్ నుంచి ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి దింపించి, మెషీన్ ఆన్ అవుతుండగా బయోస్ మెనూలోకి వెళ్లి అక్కడి నుంచి మార్చమన్నారు. లోపలి ఫైళ్లకు ఏమైనా అవుతుందా అని స్పష్టంగా అడిగాను. ఏమీ కాదన్నారు. ఆయన చెప్పినది చెప్పినట్టే చేశాను. మెషీన్ మళ్లీ ఆన్ కాగానే నీలి తెర వచ్చి, డిస్క్ తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడిగింది.

మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి వేరే వ్యక్తి మాట్లాడారు. ఆ కీ మీ దగ్గర లేకపోతే రీసెట్ చేయడం ఒక్కటే మార్గం, డేటా మొత్తం పోతుంది, దానికి కంపెనీ బాధ్యత వహించదు అన్నారు. కీ ఎక్కడ దొరకవచ్చో చెప్పలేదు. ఎక్కడైనా వెతికారా అని కూడా అడగలేదు. ఏ మీట నొక్కితే రీసెట్ మొదలవుతుందో మాత్రం ఒక్కొక్కటిగా వివరించబోయారు. నేను ఫోన్ పెట్టేశాను. నా స్థానంలో కంప్యూటర్ గురించి తెలియని మనిషి ఉండి ఉంటే, కంపెనీ వాళ్లే చెబుతున్నారు కదా అని ఆ మీట నొక్కేసేవారు. ఈ లేఖ రాయడానికి ముఖ్య కారణం ఇదే.

మీ సిబ్బందికి తెలిసి ఉండవలసిన సంగతిని కొనుగోలుదారు మీకు వివరించవలసి రావడం బాధాకరం. అయినా రాస్తున్నాను. విండోస్ 11లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే ఏర్పాటు ఉంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సిద్ధం చేసే కొత్త ల్యాప్‌టాప్‌లలో, హోమ్ ఎడిషన్ అయినా సరే, ఇది చాలావరకు దానంతట అదే అమలవుతుంది. డిస్క్‌లోని సమాచారమంతా గుప్తలిపిలోకి మారిపోతుంది. ఆ తాళం చెవి మదర్‌బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్పు దగ్గర ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ ఆ చిప్పు బయోస్‌ను సరిచూసి, మార్పేమీ లేకపోతే తలుపు తీస్తుంది. బయోస్ మారితే ఒక్కోసారి, కొత్త వేషంలో వచ్చిన యజమానిని కాపలాదారు ఆపినట్టు, ఆపేసి 48 అంకెల కీ చెప్పమంటుంది. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడినా లెక్కలు వాడికి దక్కకుండా ఇది కాపాడుతుంది. ఆ ఏర్పాటు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా ఫిర్యాదు మీ సలహా మీద. బయోస్ ముట్టుకునే ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి, డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడమనాలి. ఉంటే కీ చేతిలో ఉందా అని అడగాలి. లేకపోతే అది దొరికేదాకా ఆగమనాలి, లేదా ఎన్‌క్రిప్షన్ ఆపి, డిస్క్‌లోని గుప్తలిపి పూర్తిగా విడిపోయేదాకా వేచి ఉండి, ఆ తర్వాతే బయోస్ మార్చి, చివరికి మళ్లీ ఆన్ చేయించాలి. మీ వ్యక్తి నాతో మాట్లాడిన సమయంలో ఈ ప్రశ్నలకు చోటు లేకపోలేదు. మోడల్ నంబరు, బిల్లు తేదీ, పిన్‌కోడ్ అన్నీ అడిగారు.

కీ దొరికింది. ఎలా దొరికిందో చదివితే మీరు నాకంటే ఎక్కువ ఆందోళన పడాలి.

ఆ కీ నకలు, మెషీన్‌ను మొదట సిద్ధం చేసిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆ ఖాతా వెబ్‌సైట్ తెరిచి, డివైసెస్ కింద చూస్తే కనిపిస్తుంది. నా ఖాతాలో చూశాను, లేదు. అప్పుడు కొన్న రోజు గుర్తుకు వచ్చింది. నెల్లూరులోని మీ అధీకృత డీలరు, అన్నీ సిద్ధం చేసి ఇస్తాం, ఇంటికి వెళ్లి ఆన్ చేసుకుంటే చాలు అని చెప్పి ల్యాప్‌టాప్ ఇచ్చారు. నా ఖాతాను నేను ఆ తర్వాత చేర్చుకున్నాను. మార్కెట్టు నడిచే రోజుల్లో కొట్టు వదిలి నెల్లూరు వెళ్లడమంటే ఆ పూట వ్యాపారం వదులుకోవడమే. అయినా వెళ్లాను. మా దగ్గర అలాంటిదేమీ ఉండదని మొదట తోసిపుచ్చారు. నేను కదలకుండా నిలబడితే, షాపులో మెషీన్లు సిద్ధం చేసే కుర్రవాడు తన ఖాతా తెరిచాడు.

అందులో నా ఒక్కదాని కీ కాదు, వరసగా ఎన్నో ల్యాప్‌టాప్‌ల కీలు కనిపించాయి. మెషీన్ పేరు, తేదీ, పక్కనే 48 అంకెలు. ఆ షాపులో కొన్నవారిలో డాక్టర్లు ఉండవచ్చు, ఆడిటర్లు ఉండవచ్చు, రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునేవారు ఉండవచ్చు. తమ డిస్క్‌ను తెరిచే చెవి షాపులో ఒక ఉద్యోగి ఖాతాలో ఉందని వారిలో ఎవరికీ తెలిసి ఉండదు. ఆ ఉద్యోగి రేపు పని మానేసినా, ఆ ఖాతా పాస్‌వర్డ్ మరచిపోయినా, ఇలాంటి నీలి తెర వచ్చిన రోజున వారి ఫైళ్లు శాశ్వతంగా పోయినట్టే. అతనికి దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. రోజూ అన్ని మెషీన్లు సిద్ధం చేయాలి కాబట్టి ఒకే ఖాతా వాడుతున్నాడు. అలా చేయకూడదని అతనికి మీరు నేర్పించలేదు.

నీలి తెర మీద కనిపించిన కీ ఐడీ (ఏ కీ కావాలో చెప్పే గుర్తు)లోని మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోల్చి నా కీ రాసుకున్నాను. ఇంటికి వచ్చి కొట్టగానే డిస్క్ తెరుచుకుంది. లెక్కలన్నీ ఉన్నాయి. వెంటనే ఎన్‌క్రిప్షన్ ఆపి, నా ఖాతాతో మళ్లీ ఆన్ చేసి, కొత్త కీని కాగితం మీద ముద్రించి బీరువాలో పెట్టాను. అంటే, రీసెట్ తప్ప మార్గం లేదని మీ హెల్ప్‌లైన్ చెప్పిన మాట అబద్ధం. ఆ మాట నమ్మి ఇంతవరకు ఎందరు తమ పిల్లల ఫోటోలు, ఇంటి పత్రాలు, ఏళ్ల లెక్కలు తుడిచిపెట్టుకున్నారో మీరే మీ కాల్ రికార్డుల్లో వెతికి తెలుసుకోవాలి.

ఇక 80 శాతం సంగతి. అది లోపమే కాదు. మీ సొంత అప్లికేషన్‌లో బ్యాటరీ సంరక్షణ అనే మీట ఉంది, అది ఆన్‌లో ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ ఎప్పుడూ నిండుగా, అందులోనూ వేడిలో ఉంటే త్వరగా అరిగిపోతుంది కాబట్టి, ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే మెషీన్‌కు ఆ హద్దు మంచిది. రోహిణి కార్తె ఎండల్లో రేకుల కొట్టులో పనిచేసే నాకైతే మరీ మంచిది. కరెంటు పోయే రోజున 100 శాతం కావాలనుకుంటే ఆ మీట ఆపితే చాలు. ఈ ఒక్క మాట మొదటి ఫోన్‌లోనే చెప్పి ఉంటే బయోస్ దాకా వెళ్లే పనే ఉండేది కాదు.

పెట్టెలో మీరిచ్చిన తెలుగు పుస్తకం కూడా తిరగేశాను. తెర ఎలా తుడవాలో, మూత ఎలా తెరవాలో బొమ్మలతో సహా ఉంది. రికవరీ కీ ఊసు ఒక్క పేజీలోనూ లేదు. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగితే సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమని ఉంది. మాలాంటి చిన్న ఊళ్లలో కొత్తగా కంప్యూటర్ కొన్నవారు ఆ పుస్తకాన్నే నమ్ముతారు. కీ ఎక్కడ ఉంటుందో, దాన్ని అదే ల్యాప్‌టాప్‌లో దాచుకోవడం ఎందుకు పనికిరాదో, ఫోన్‌లో అడిగిన వారెవరికీ ఎందుకు చెప్పకూడదో రాయండి. ఫైళ్ల నకలు మెషీన్‌కు దూరంగా ఇంకోచోట ఉండాలని రాయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే మెషీన్ పూర్తిగా కొత్తగా మొదలవదని, చిన్న చిక్కులు వస్తే ముందు రీస్టార్ట్ చేసి చూడాలని రాయండి. సగం ఫోన్లు మీకు రాకుండానే ఆగిపోతాయి.

నేను కోరేవి ఇవి. మీ హెల్ప్‌లైన్ సిబ్బంది ఎన్‌క్రిప్షన్, కీ గురించి అడగకుండా బయోస్ మార్పు గానీ రీసెట్ గానీ సూచించకూడదని రాతపూర్వక ఆదేశం ఇచ్చి, దాని నకలు నాకు పంపాలి. డీలర్లు తమ ఖాతాతో మెషీన్లు సిద్ధం చేయడం వెంటనే ఆపించాలి. ఆ నెల్లూరు షాపులో కొన్నవారందరికీ వారి కీ అందజేసి, కొత్త కీ తయారు చేసుకునే విధానం చెప్పి, ఆ తర్వాత షాపు ఖాతాలోని కీలు తొలగించాలి. ఈ క్రమం తప్పకూడదు. ముందే తొలగిస్తే, తర్వాత నీలి తెర కీ అడిగినప్పుడు కొందరి డిస్క్‌లు ఎప్పటికీ తెరుచుకోవు. నా రెండు ఫోన్ సంభాషణల రికార్డులు భద్రపరచాలి. కొట్టు లెక్కలు ఆగిన రోజులకు తగిన పరిహారం చెల్లించాలి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) ప్రకారం నష్టం కలిగించిన నిర్లక్ష్యం సేవాలోపమే. మేము నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే హక్కు అదే చట్టం మాకు ఇచ్చింది, అందుకు రెండేళ్ల గడువు ఉంది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఈ ఫిర్యాదు నమోదు చేస్తున్నాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ నుంచి రాతపూర్వక సమాధానం రాకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

బిల్లు నకలు, నీలి తెర ఫోటో, హెల్ప్‌లైన్ పంపిన ఫిర్యాదు నంబర్ల సందేశాలు దీనితో జతపరుస్తున్నాను. డీలరు ఖాతాలో కనిపించిన కీల జాబితాను నేను ఫోటో తీయలేదు, అవి ఇతరుల తాళాలు. వాటిని మీరే స్వయంగా వెళ్లి పరిశీలించండి.

ఇట్లు,
పొదలకూరు నిమ్మ మార్కెట్టు నుంచి మీ వినియోగదారు